ఒడియా బడిలో తెలుగు పిల్లాడు చదవలేకపోతే అది డిస్లెక్సియాయేనా?

ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడి నుంచి ఒక తల్లి అడిగారు: "మా బాబుకి ఎనిమిదిన్నరేళ్లు. ఒకటో తరగతి పాతపట్నంలో అమ్మమ్మ దగ్గర ఉండి తెలుగులో చదివాడు. రెండో తరగతి నుంచి ఇక్కడ ఒడియా బడి. ఇప్పుడు మూడు. పాఠం చదవమంటే కూడబలుక్కుంటాడు, నోటుబుక్కు నిండా ఎర్రసిరా. టీచరు గారు ఫోన్లో ఏదో పరీక్ష పెట్టి డిస్లెక్సియాలా ఉంది అన్నారు. ఇంట్లో తెలుగు మానేసి ఒడియాయే మాట్లాడమన్నారు. మానేయాలా? అసలు పరీక్ష ఎక్కడ, ఏ భాషలో చేయించాలి? ఇంగ్లీషు మీడియంలో వేస్తే నయమా?"

అమ్మా, ముందు మీ ఇంట్లో ఈ రాత్రికే కావలసిన జవాబు చెప్తాను. తెలుగు మానేయకండి. రెండు భాషలు వినడం వల్ల డిస్లెక్సియా, అంటే అక్షరాలు విప్పి చదవడంలో వచ్చే చిక్కు, రాదు, ఒక భాష మానేస్తే పోదు. మీకు ధారాళంగా వచ్చిన భాషలో మీరు వాడికి కథ చెప్తారు, కోప్పడతారు, ఎందుకు ఏమిటి అని వాడు గుచ్చి గుచ్చి అడిగితే విడమరిచి చెప్తారు. మీకు అంతంతమాత్రం వచ్చిన ఒడియాలో "తిను, పడుకో, చదువుకో" దగ్గరే ఆగిపోతారు. పిల్లాడికి మాటల మూట తగ్గిపోతుంది. చదివింది అర్థం కావాలంటే ఆ మూటే పెట్టుబడి. ఒడియా వాడికి బడిలో, వీధిలో, తోటి పిల్లలతో దొరుకుతుంది. ఇంట్లో దొరికే తెలుగు ఇంకెక్కడా దొరకదు.

ఇక అసలు విషయం. నేను భాషాశాస్త్రం చదువుకుని, ఇరవై రెండేళ్లుగా గజపతి, రాయగడ జిల్లాల్లో చదవడంలో వెనకబడిన పిల్లలతోనే పని చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే తెలుగిళ్ల పిల్లల్లో ఎక్కువమంది మీ బాబులాగే వస్తారు. చేతిలో నోటుబుక్కు, నుదుటి మీద ఒక పేరు. నేను మొదట చూసేది నోటుబుక్కు. ఎన్ని తప్పులున్నాయని కాదు, ఎలాంటి తప్పులున్నాయని.

ఒక ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. పోయిన ఏడాది ఒక పిల్లాడికి డిక్టేషన్లో "ఇల్లు" అనే అర్థం వచ్చే ఒడియా మాట చెప్పారు. రాతలో అది ఘ, ర, అంతే. ఏ గుర్తూ అక్కర్లేదు. కానీ ఒడియాలో మన తలకట్టు అకారం పలికేది దాదాపు "ఒ"లా. కాబట్టి చెవికి వినబడేది "ఘొరొ". మనవాడు రెండక్షరాలకీ ఓత్వం తగిలించి "ఘోరో" అని రాశాడు. పండుకి "ఫోళో", నీళ్లకి "జోళో". పేజీ పేజీ అదే. టీచరుకి ఇవన్నీ గందరగోళం. నాకు మాత్రం ఆ పేజీ చూస్తే ముచ్చటేసింది. పిల్లాడి చెవి చురుకైనది, విన్నది విన్నట్టు రాస్తున్నాడు, తెలుగు కొలతతో రాస్తున్నాడు. వాడికి కావలసింది ఒక్క వాక్యం: "ఒడియాలో గుర్తు లేని అక్షరాన్నే ఇలా పలుకుతారు." అది చెప్పి, పది మాటలు పక్కపక్కన రాయించాక మూడు వారాల్లో ఆ తప్పు చాలావరకు పోయింది. డిస్లెక్సియా ఉన్న పిల్లాడి తప్పు సాధారణంగా ఇంత పద్ధతిగా ఉండదు. ఒకే మాట ఒకే పేజీలో మూడు రకాలుగా ఉండొచ్చు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఒడియాలో ఏకారం గుర్తు అక్షరానికి ఎడమ పక్కన పడుతుంది, ఓకారమైతే రెండు పక్కలా. తెలుగులో ఏత్వం నెత్తిన ఉంటుంది. తెలుగు ముందు నేర్చిన పిల్లాడు ఒడియా "కేతే" (ఎంత) అనే మాట దగ్గర ఎడమవైపు గుర్తు చూసి ఒక క్షణం ఆగుతాడు. ముందు కనబడింది ముందు పలకాలా, తరవాత పలకాలా? ఉకారం ఒడియాలో అక్షరం అడుగున ఉంటుంది. మన దగ్గర అడుగున వేలాడేది ఒత్తు. అందుకని అక్కడ ఇంకో క్షణం. పైగా ఒడియా అక్షరాల్లో చాలావాటికి నెత్తిన ఒకే గుండ్రటి గొడుగు, తేడా ఎక్కువగా కింద ఉంటుంది. తెలుగు చదివిన కన్ను పైన వెతకడానికి అలవాటు పడింది. పక్కన కూర్చున్నవాళ్లకి ఇదంతా కూడబలుక్కోవడంలాగే కనిపిస్తుంది. మీ బాబు చదివేటప్పుడు సరిగ్గా ఏ అక్షరాల దగ్గర ఆగుతున్నాడో వేలు పెట్టి గమనించండి. ఆగేవన్నీ ఏకార ఓకారాలూ, అడుగు గుర్తులూ అయితే అది లిపి మారిన ఇబ్బంది.

ఇకారం, ఈకారం తారుమారైతే అసలు లెక్కలోకి తీసుకోకండి. ఒడియా మాటలో ఆ రెండూ ఒకేలా పలుకుతారు. రోజు అనే "దిన", బీద అనే "దీన" వింటే ఒకటే, రాతలోనే వేరు. శ, ష, స కూడా అంతే, మూడూ "స"యే. ఒడియా ఇళ్లలో పుట్టిన పిల్లలూ వాటిని బట్టీ పట్టే నేర్చుకుంటారు. వాళ్లు తప్పు రాస్తే అజాగ్రత్త అనీ, మనవాడు రాస్తే జబ్బు అనీ అనడం న్యాయం కాదు.

మనవాళ్లకి కలిసొచ్చేవి కూడా చెప్పాలి. ల, ళ తేడా, ణ ఒడియాలోనూ ఉన్నాయి. మాటలు అచ్చుతో ముగియడం కూడా మనకి అలవాటే. ఇవి తెలుగు పిల్లలకి చులాగ్గా వస్తాయి. మహాప్రాణాలు మాత్రం, ఖ, ఘ, ఛ లాంటివి, మన ఇంటి మాటల్లో అరుదు కాబట్టి కొన్నాళ్లు చెవికి ఆనవు.

అయితే డిస్లెక్సియా అంటే ఏమిటి? కంటి జబ్బు కాదు. తెలివి తక్కువ కాదు. అక్షరాలు తిరగేసి కనబడడం అని జనం అనుకుంటారు, అదీ కాదు. మాటని శబ్దాలుగా విడదీసి, ఆ శబ్దానికి అక్షరాన్ని కట్టి, ఆ కట్టు వేగంగా విప్పడం దగ్గర వచ్చే చిక్కు అది. అందువల్ల ఒక భాషకే పరిమితమై ఉండదు. పిల్లాడు ఏ భాష చదువుతుంటే ఆ భాషలో కనిపిస్తుంది. తెలుగు, ఒడియా లాంటి లిపుల్లో ఇంకో తిరకాసు ఉంది. రాసింది దాదాపు రాసినట్టే పలుకుతాం కనుక ఈ పిల్లలు తప్పులు తక్కువే చేసి, విపరీతంగా నెమ్మదిగా చదువుతారు. కాబట్టి తప్పులు లెక్కపెట్టే పరీక్ష కన్నా నిమిషానికి ఎన్ని మాటలు చదివాడో చూసే పరీక్ష మనకి ఎక్కువ చెబుతుంది.

గఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు 1986లో ఒక చిన్న సూత్రం చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే అక్షరాలు విప్పే శక్తిని, ఆ భాష విని అర్థం చేసుకునే శక్తితో గుణించినంత. కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. మన సరిహద్దు ఊళ్లకి ఇంతకన్నా అక్కరకొచ్చే మాట నాకు దొరకలేదు. ఇక్కడ పిల్లలు రెండు రకాలుగా చిక్కుకుంటారు. గడగడా చదివేసి ఒక్క ముక్కా అర్థం కాని పిల్లలు ఒక రకం. వాళ్లకి లోటు ఒడియా భాషలో, అక్షరాల్లో కాదు. వింటే ఇట్టే అర్థం చేసుకుని, అదే పాఠం కాగితం మీద పెడితే గుడ్లప్పగించే పిల్లలు రెండో రకం. అక్కడ అక్షరాల దగ్గర చూడాలి.

దీన్ని మీరు ఇంట్లోనే పరీక్షించవచ్చు. వాడి తరగతి ఒడియా పుస్తకంలో ఇంకా చెప్పని పాఠం ఒకటి తీసుకుని, ఒడియా బాగా వచ్చిన పక్కింటి పెద్దపిల్ల చేత చదివించి వినిపించండి. తరవాత తెలుగులోనే అడగండి, ఏం జరిగిందిరా అని. జవాబు తెలుగులో చెప్పినా సరే. విని కూడా చెప్పలేకపోతే భాష లోటు. విని చక్కగా చెప్పి, తనంతట తాను చదివినప్పుడు చెప్పలేకపోతే నాకు అనుమానం మొదలవుతుంది. ఇదే పని ఒక తెలుగు కథతోనూ చెయ్యండి. పిల్లలకి చదువు ఎంత వచ్చిందో చూసే అసర్ సర్వేలో ప్రథమ్ సంస్థ 2005 నుంచి వాడుతున్న చదివే కాగితం ఉంది. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ, ఇలా నాలుగు మెట్లు. తెలుగులోనూ ఒడియాలోనూ దొరుకుతుంది. రెండూ దించుకుని వేర్వేరు రోజుల్లో చదివించండి, ఫోన్లో రికార్డు చెయ్యండి. తెలుగులో రెండు మెట్లు పైన ఉండి ఒడియాలో కింద ఉంటే ఊపిరి పీల్చుకోండి.

తెలుగు చదివించేటప్పుడు ఒక జాగ్రత్త. పుస్తకంలో "వాడు వెళ్ళిపోయాడు" అని ఉంటే మీ బాబు "ఆడు ఎల్లిపోనాడు" అని చదవచ్చు. అది తప్పు కాదు. అర్థం చేసుకుని తన నోటి భాషలోకి మార్చి చదివాడు, అంటే చదవడం వచ్చిందన్నమాట. ఊళ్లో ఎవరూ అనని మాట కోసం వాడి మార్కు కోయకూడదు. ఈ మాట మీ ఊళ్లోనే నూరేళ్ల కిందట ఒకాయన గొంతు చించుకుని చెప్పాడు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో పిల్లలకి పాఠాలు చెబుతూనే సవరల భాష నేర్చుకుని, తెలుగు లిపిలో వాళ్లకి వాచకాలు రాశాడు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. పిల్లవాడు మాట్లాడే భాష ఒకటి, పుస్తకం భాష ఒకటి అయితే చదువు ఎక్కడ తెగిపోతుందో ఆయన ఈ ఊరి బడిగదిలోనే చూశాడు. ఆగస్టు 29న ఆయన పేరు మీద తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆయన చూసిన ఆ ఒక్క సంగతి మన చదవడం పరీక్షల్లోకి ఇంకా రాలేదని నాకు బాధ.

ఫోన్లో పెట్టిన పరీక్ష గురించి. అది ఏదో నాకు తెలియదు కాని, ఇలాంటివి ఎక్కువగా ఒకే భాష మాట్లాడే పిల్లలతో సరిచూసుకుని కట్టినవి. వాళ్ల సగటు పక్కన రెండు భాషల పిల్లాణ్ణి నిలబెడితే పొట్టిగానే కనిపిస్తాడు. పరీక్షని తర్జుమా చేస్తే సరిపోతుందనుకోవడం ఇంకో పొరపాటు. "క్యాట్" అనే మాటలో మొదటి శబ్దం తీసేస్తే ఏం మిగులుతుంది అని ఇంగ్లీషు పిల్లాణ్ణి అడగడం వేరు. మన లిపిలో అక్షరమే ఒక హల్లూ అచ్చూ కలిసిన ముద్ద. మన పిల్లలకి "కమల"లోంచి "క" తీసెయ్యడం తేలిక. "క"లోంచి అచ్చుని విడదీయడం చాలా ఆలస్యంగా వస్తుంది. అది లోపం కాదు, లిపి స్వభావం. సోనాలీ నాగ్ 2007లో కన్నడ పిల్లల మీద చేసిన పరిశోధనలో నాలుగో తరగతి పిల్లలు కూడా అక్షరాల కూర్పులు ఇంకా నేర్చుకుంటూనే ఉన్నారు. గుణింతాలూ ఒత్తులూ కలిపి వందల రూపాలు మరి. మీ బాబు మూడో తరగతి, పైగా రెండు లిపులు.

ఇన్ని ఓదార్పు మాటలు చెప్పాక నా మనసులో ఉన్న బరువు కూడా చెప్పాలి. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో గుణుపురం వైపు నుంచి ఒక అమ్మాయిని తీసుకొచ్చారు. ఇంట్లో తెలుగు, బడి ఒడియా. "భాష కొత్త కదా, సర్దుకుంటుంది" అని చెప్పి పంపేశాను. రెండేళ్ల తరవాత మళ్లీ వచ్చింది. అయిదో తరగతి. ఈసారి సరిగ్గా కూర్చుని చూశాను. కథ చెప్పమంటే వాళ్ల తాతయ్య ఏటి వరదలో ఆవుని ఎలా కాపాడాడో అరగంట చెప్పింది, నోరు తెరిచి విన్నాను. కాని "పలక"లోంచి "ప" తీసేసి చెప్పమంటే తెల్లబోయింది. బొమ్మలు వరసగా పెట్టి పేర్లు చెప్పమంటే పేర్లన్నీ తెలుసు, నోటికి మాత్రం నిదానంగా వచ్చాయి. తెలుగులోనూ ఒడియాలోనూ ఒకే నత్తనడక. వాళ్లమ్మ పక్కనుంచి మెల్లిగా అంది, "నేనూ ఇంతేనండి, అందుకే ఆరుతో ఆపేశారు." మొదటిసారే ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగి ఉంటే, ఆ పిల్ల రెండేళ్లపాటు మొద్దు అనిపించుకునేది కాదు. రెండు భాషల పిల్లలకి లేని డిస్లెక్సియా అంటగట్టడం ఎంత తప్పో, ఉన్నదాన్ని భాష మీదకి తోసేసి ఊరుకోవడమూ అంతే తప్పు. మీ ఇంట్లో, మీవారి ఇంట్లో ఎవరైనా చదవడానికి ఇలాగే కష్టపడ్డారా? సిగ్గుపడకుండా కనుక్కోండి. ఇది కుటుంబాల్లో నడుస్తుంది.

ఆ అమ్మాయి తరవాత నేను ఒక పద్ధతి పట్టుకున్నాను. ఏం వచ్చో అడగడం కన్నా, నేర్పి చూడడం. మీరూ చెయ్యవచ్చు, నాలుగు రోజుల పని. తెలుగు మరిచిపోయాడనుకుంటే ప, ల, క, త, మ అని అయిదక్షరాలూ ఒక్క గుడీ తీసుకోండి. రోజుకి పావుగంట, ఆటలాగా. బియ్యంలో వేలితో రాయించినా సరే. నాలుగో రోజు "పలక, కలప, పిలక, కలిమి" చదివించండి. ఆ తరవాత అర్థం లేని మాటలు పెట్టండి, "మలికి, తపిల" లాంటివి. అర్థం ఉన్న మాటని ఊహించి చెప్పేయొచ్చు, అర్థం లేనిదాన్ని విప్పి చదవాల్సిందే. భాష లోటు మాత్రమే ఉన్న పిల్లలు వీటిని నాలుగో రోజుకి చదివేస్తారు, కళ్లల్లో వెలుగు కనిపిస్తుంది. రెండో రకం పిల్లలకి నిన్న వచ్చిన "త" ఇవాళ మళ్లీ కొత్తగా ఉంటుంది. తెలుగు ఇంకా బాగానే గుర్తుంటే ఒత్తులతో చెయ్యండి. "పిల్లి" అనే మాటలో గుడి పైనున్న "ల" మీద ఉంటుంది, పలికేది మాత్రం కింది ఒత్తు తరవాత. కొత్తలో చాలామంది "పిలిల" అంటారు. రెండుసార్లు చూపిస్తే సర్దుకునేవాళ్లు సర్దుకుంటారు.

వీటన్నిటికన్నా ముందు కన్నూ చెవీ చూపించండి. తరచూ జలుబు చేసి చెవి కారే పిల్లలకి క, ఖ తేడాయే కాదు, ప, బ తేడా కూడా వినబడకపోవచ్చు. దీనికి డబ్బు పెట్టక్కర్లేదు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచి బడుల్లోనే పిల్లల్ని చూస్తున్నారు. బడికి ఆ బృందం వచ్చినప్పుడు చూపించండి, అవసరమైతే పైకి పంపమని మీరే అడగండి.

ఆ తరవాత కూడా రెండు భాషల్లోనూ ఒకే చిక్కు కనిపిస్తే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. మీకు ఒక పక్క బరంపురం, ఇంకో పక్క విశాఖపట్నం అందుబాటులో ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా మొదట అడగవలసిన ప్రశ్న, "పరీక్ష ఏ భాషలో చేస్తారు? తెలుగులో ఎవరు మాట్లాడతారు?" అని. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధనా కేంద్రం డిస్లెక్సియాని గుర్తించే డాలీ అనే పరీక్షని 2015లో తెచ్చినప్పుడు అది హిందీ, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషుల్లో ఉంది. మన భాషల కోసమే ఇలాంటివి కట్టాలన్న ఆలోచన మన దేశంలో అంత ఇటీవలిది. కాబట్టి పరీక్షించేవాళ్లకి మీ రికార్డింగులూ, నోటుబుక్కూ, నాలుగు రోజుల పాఠం ఎలా సాగిందన్న రాతా ఇవ్వండి. మంచి సైకాలజిస్టు వాటిని స్కోరుకన్నా ముందు చూస్తారు. తెలుగు రానివాళ్లయితే పక్కన తెలుగు తెలిసిన మనిషిని కూర్చోబెట్టమనండి. మీరే కూర్చుంటే తెలియకుండా జవాబు అందించేస్తారు, తల్లి మనసు అలాంటిది.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ చదువు చిక్కులకీ చోటిచ్చారు. ధ్రువపత్రం ఎనిమిదేళ్లు నిండాకే ఇవ్వాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. మీ బాబుకి వయసు సరిపోయింది కాని, కాగితం కోసం తొందరపడొద్దు. అవసరమని తేలితే మాత్రం సందేహించకండి. పరీక్షలో అదనపు సమయం లాంటివి దాని వల్ల అడగవచ్చు.

ఇంగ్లీషు మీడియం వద్దు. రెండు లిపుల మధ్య నలుగుతున్న పిల్లాడికి మూడోది, అదీ రాసిందొకటి పలికేదొకటి అయినది, ఇంట్లో ఎవరూ మాట్లాడనిది. నిజంగా డిస్లెక్సియా ఉంటే మూడింటిలోకీ ఇంగ్లీషే వాణ్ణి ఎక్కువ ఏడిపిస్తుంది.

టీచరు గారితో పోట్లాడకండి. గమనించి మీతో చెప్పడమే ఆవిడ చేసిన మేలు, చాలామంది అదీ చెయ్యరు. రెండు విషయాలు అడగండి. తరగతిలో అందరి ముందు లేచి చదవమనడం ఒక నెల ఆపమనండి. డిక్టేషన్లో తలకట్టు దగ్గర వచ్చే ఓత్వం తప్పుల్ని వేరే రంగుతో గుర్తు పెట్టమనండి. నెలాఖరుకి ఆ రంగు తగ్గిందో లేదో ఇద్దరూ కలిసి చూడవచ్చు. తెలుగు పిల్లలు నలుగురైదుగురు ఆ తరగతిలో ఉంటే మాతృభాషలో ప్రాథమిక విద్యకి ఏర్పాట్లు చేయమని రాజ్యాంగం 350-ఎ అధికరణం రాష్ట్రాలకి చెబుతోందన్న సంగతి ప్రధానోపాధ్యాయులకి గుర్తుచేయడంలో తప్పులేదు. ఒడిశా 2007 నుంచి సవర, కువి లాంటి గిరిజన భాషల్లో పిల్లలకి మొదటి పాఠాలు చెప్పిస్తోంది. ఆ అనుభవం ఉన్న రాష్ట్రం ఇది. వారానికి రెండు గంటలు తెలుగు కావాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

వేసవి సెలవులకి అమ్మమ్మ దగ్గరికి పంపండి, పాఠాలేవీ మూటకట్టి పంపకుండా. పర్లాకిమిడి దాటి పాతపట్నంలో అడుగుపెట్టగానే దుకాణాల బోర్డులు ఒడియా నుంచి తెలుగుకి మారిపోతాయి. పోతూ తెలుగు బోర్డులు, వస్తూ ఒడియా బోర్డులు వాణ్ణి చదివి చెప్పమనండి. ఎక్కడ ఆగాడో చిన్న కాగితం మీద రాసుకుని, ముందు చెప్పిన రికార్డింగులతో పాటు ఇక్కడ పెట్టండి. నేను చూసి చెప్తాను.